ఆరడుగుల ప్రింట్ కోసం ఒక రాతి తోరణం: రేగొండ వైపు గుట్టల్లో చేసిన పని, మొదటి నుంచి చివరిదాకా

హనుమకొండలో ఒక కాలేజీ భూగర్భశాస్త్ర విభాగం వాళ్ళు అప్పజెప్పిన పని ఇది. వాళ్ళ వరండా గోడకి ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న ప్రింట్ ఒకటి కావాలి. అందులో మనుషులు చెక్కని, దానంతట అదే ఏర్పడిన రాతి తోరణం ఉండాలి, అదీ మన ఉత్తర తెలంగాణదే అయ్యుండాలి. ఇంతవరకు మామూలు ఆర్డరే. కానీ విభాగం చూసుకునే మేడం ఇంకో మాట అన్నారు: "పిల్లలు ఈ ఫొటో ముందు నిలబడి, ఈ బండ ఇట్లెందుకైందో వేలు పెట్టి చూపించి చెప్పగలగాలె." ఆ ఒక్క మాటతో ఏ టైంలో తీయాలి, ఎక్కడ నిలబడాలి, ఏ లెన్స్ వాడాలి అన్నీ మారిపోయాయి. గుట్టలు, బండలు తీసే మనవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఎవరికైనా పనికొస్తుందని మొత్తం రాస్తున్నా.

రాతి తోరణం అని వెతికితే ముందుగా వచ్చేవి అమెరికా ఫొటోలు. యూటాలోని ఆర్చెస్ నేషనల్ పార్కులో 2,000కి పైగా తోరణాలున్నాయి. కాలిఫోర్నియాలో అలబామా హిల్స్ అనే చోట మోబియస్ ఆర్చ్ అని ఒక చిన్న తోరణం ఉంది, సరైన చోట కూర్చుంటే దాని కంతలోంచి 4,421 మీటర్ల మౌంట్ విట్నీ కనిపిస్తుంది. తెల్లవారగానే ఆ కొండ గులాబీ రంగుకి తిరుగుతుంది, తోరణం దానికి చట్రం అవుతుంది, ఫొటో అయిపోతుంది. ఇలాంటివి చూసీ చూసీ మనకూ తోరణం అంటే చట్రమే అన్న అలవాటు పడిపోయింది. మన గుట్టల్లో ఆ కంతలోంచి చూస్తే ఏముంటుంది? వరి పొలాలు, ఒక చెరువు ముక్క, కరెంటు స్తంభాలు, పైన పాలిపోయిన ఆకాశం. అవి నాకు ఇష్టమైనవే, కానీ ఆరడుగుల ప్రింట్‌ని నిలబెట్టే బలం వాటికి లేదు. పైగా బయటి వెలుగుకి ఎక్స్‌పోజ్ చేస్తే తోరణం నల్లటి ఆకారంగా మిగిలిపోతుంది, రాయి అన్నదే కనిపించదు. మేడం అడిగింది ఆ రాయినే.

అందుకని ఈ పనికి ఒక్కటే నియమం పెట్టుకున్నా. కంతలోంచి ఏం కనిపిస్తుందో వదిలేసి, తోరణం కింద నిలబడి తలెత్తితే కనిపించే పైకప్పు వెలిగే టైం పట్టుకోవాలి. ఏ పొర ముందు రాలింది, ఏది నిలబడింది, బరువు ఎటునుంచి ఎటు దిగుతోంది అన్నది అక్కడే తెలుస్తుంది.

దీనికి రాయి గురించి కొంచెం చెప్పుకోవాలి. వరంగల్, హనుమకొండల్లో మనం రోజూ చూసే గుట్టలు గ్రానైట్‌వి. గ్రానైట్ పైపొరలు ఊడిపోయి గుండ్రటి గుండ్లు మిగులుతాయి, ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు కావలసినన్ని దొరుకుతాయి గానీ తోరణాలు అరుదు. ములుగు, భూపాలపల్లి వైపు పోతే గోదావరి లోయ ఇసుకరాయి మొదలవుతుంది. ఇది 54 కోట్ల ఏళ్ళకన్నా పాతది, జంతువులు నేల మీద తిరగడానికి ఎంతో ముందటిది. 1213 నాటి రామప్ప గుడి గోడలకు వాడిన ఎర్రటి రాయి కూడా ఇసుకరాయే. ఇసుక పొరలు పొరలుగా పడి గట్టిపడిన రాయి కాబట్టి కొన్ని పొరలు గట్టిగా, కొన్ని మెత్తగా ఉంటాయి. నిలువు పగుళ్ళలోంచి వాన నీళ్ళు దిగి రేణువుల్ని పట్టుకుని ఉన్న బంకని కరిగిస్తాయి, మెత్తటి పొర ముందు పోతుంది, అక్కడ గుహలాంటి గూడు పడుతుంది, ఆ గూడు వెనక గోడ కూడా రాలిపోయిన రోజు అవతలి ఆకాశం కనిపిస్తుంది.

మరి పైనున్నది ఎందుకు పడిపోదు? 2014లో ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దీని మీద చేసిన ప్రయోగాలు నాకు చాలా నచ్చాయి. ఇసుకరాయి దిమ్మల మీద బరువు పెట్టి నీళ్ళలో ఉంచితే, బరువు మోయని రేణువులు రాలిపోతూ పోయాయి, బరువు మోసే రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుని బిగుసుకుపోయాయి. అంటే బరువు దిగే దారి మాత్రమే మిగిలి, ఆ దారే స్తంభంగానో తోరణంగానో కనిపిస్తుంది. ఇది చదివాక తోరణాన్ని చూసే తీరే మారిపోయింది నాకు. ఫొటోలో ఆ దారి కనిపించాలి, ఎడమ కాలు నుంచి పైకెక్కి కుడి కాలులోకి దిగేదాకా తెగకుండా కనిపించాలి.

తోరణం ఏ గుట్ట మీదో చెప్పను. రేగొండ వైపు ఇసుకరాయి గుట్టల్లో ఒకటి, పాండవుల గుట్ట మాత్రం కాదు, అంతవరకే. వెడల్పు 4 మీటర్లకి కొంచెం తక్కువ, లోపలి ఎత్తు ఒక మనిషి చెయ్యెత్తి నిలబడేంత. తిరుమల శిలాతోరణం 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉంటుంది, దాంతో పోల్చుకుంటే ఎంత చిన్నదో తెలుస్తుంది. శిలాతోరణానికి కంచె ఉంది, అందరికీ ఒకే వైపు నుంచి కనిపిస్తుంది, దాని రక్షణకి అది అవసరమే. ఇక్కడ కంచె లేదు, కాపలా లేదు. ఫొటోతో పాటు లొకేషన్ పిన్ పెడితే మూడో వారానికల్లా పేర్లు, గుండె బొమ్మలు, పెయింట్ డబ్బాలు వస్తాయి. కాలేజీ వాళ్ళతో కూడా ముందే మాట్లాడుకున్నా, ప్రింట్ కింద పలకలో జిల్లా పేరు మాత్రమే ఉంటుంది. పాండవుల గుట్టలో ఆదిమానవుల రంగు బొమ్మలున్నాయి కదా, అటు పోయేవాళ్ళకి ఈ సందర్భంలోనే ఒక మాట: బొమ్మలు కెమెరాలో బాగా పడాలని వాటి మీద నీళ్ళు చల్లకండి. తడిసినప్పుడు రంగు తేలుతుంది నిజమే, కానీ నీళ్ళతో కదిలిన లవణాలు ఎండాక పైన తెల్లగా పేరుకుంటాయి, బొమ్మ పోతుంది.

ఇక ఎక్కడ నిలబడాలన్నది. మా వరంగల్ వాళ్ళకి తోరణం అనగానే కోటలో ఉన్న కాకతీయ కళాతోరణం కళ్ళముందు ఉంటుంది. దాన్ని ఎదురుగా, సరిగ్గా మధ్యలో నిలబడి తీస్తేనే బాగుంటుంది, ఎందుకంటే దాన్ని కట్టిందే ఎదురుగా చూడడానికి: నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డదూలాలు, రెండు పక్కలా ఒకే అందం. చిన్నప్పటి నుంచి అదే కోణం కళ్ళకి అలవాటు. గుట్ట మీది తోరణాన్ని ఎదురుగా తీస్తే మాత్రం అది కాగితంలోంచి కత్తిరించిన ఆకారంలా ఉంటుంది. దాని మందం ఎంతో తెలియదు, పైకప్పు కనిపించదు. నేను వాయవ్యం వైపు నుంచి, ఎడమ కాలుకి దగ్గరగా, సుమారు 45 డిగ్రీల పక్కకి జరిగి, ట్రైపాడ్‌ని మోకాలి ఎత్తుకి దించి పెట్టాను. అక్కడినుంచి దగ్గరి కాలు పెద్దగా, దూరపు కాలు చిన్నగా, మధ్యలో పైకప్పు మొత్తం విప్పి పరిచినట్టు కనిపిస్తుంది. ఇంత కిందికి దిగితే ఇంకో లాభం ఉంది, కరెంటు స్తంభాలు నేలబండ అంచు వెనక్కి పోతాయి.

వెలుగు సంగతి నాకు యాప్ కన్నా ముందు మేకల కాపరి కాక చెప్పాడు. గుట్ట చూడడానికి పోయింది మే నెలలో. మన అక్షాంశం సుమారు 18 డిగ్రీలు, మే నడిమి నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నం సూర్యుడు ఇంచుమించు నడినెత్తినే ఉంటాడు, తోరణం పైభాగం తెల్లగా మండిపోతుంది, కిందంతా చీకటి. స్పాట్ మీటర్‌తో (ఒక చిన్న చోటు వెలుగునే కొలిచేది) చూస్తే బయటి బండకీ పైకప్పుకీ ఏడు స్టాపుల తేడా, ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు. కాక అటూ ఇటూ చూసి అన్నాడు: "గీ ఎండల ఏం కనవడ్తది బిడ్డా? సలికాలం పొద్దుగాల రా. ఎండ అవుతలి దిక్కు కెల్లి లోపటికి దూరుతది, కింద బండ మీద వడ్డదంటే పైనంత ఎర్రగ లేస్తది." ఎంతసేపుంటది కాకా అని అడిగితే, "మేకలను గుట్ట ఎక్కిచ్చే లోపట్నే పోతది" అన్నాడు.

ఇంటికొచ్చి ఫొటోపిల్స్‌లో (సూర్యుడు ఎప్పుడు ఏ దిక్కునుంటాడో చూపించే యాప్) చూస్తే కాక మాట అక్షరాలా సరిపోయింది. డిసెంబర్ చివర్లో మన దగ్గర సూర్యుడు ఉత్తరం నుంచి లెక్కేస్తే సుమారు 115 డిగ్రీల దిక్కున, అంటే తూర్పు నుంచి 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి లేస్తాడు. తోరణం రెండో వైపు తెరుచుకున్నది ఆగ్నేయానికే. జూన్‌లో అదే సూర్యుడు 65 డిగ్రీల దగ్గర లేస్తాడు, అటు గుట్ట భుజం అడ్డం. కాబట్టి చలికాలం పొద్దున ఎండ కంతలోంచి అడ్డంగా దూరి నేల మీది లేతరంగు ఇసుకరాయి బండని కొడుతుంది, ఆ బండ నుంచి ఎగిరిన వెచ్చటి వెలుగు పైకప్పుకి తగులుతుంది. దీన్నే బౌన్స్ అంటాం. స్టూడియోలో తెల్లగొడుగు చేసే పనిని ఇక్కడ నేలబండ చేస్తుంది. సూర్యుడు గంటకి దాదాపు 13 డిగ్రీలు పైకెక్కుతాడు, 15 డిగ్రీలు దాటితే తోరణం పైపెదవి అడ్డం వచ్చి నేలబండ మీద ఎండ తగ్గిపోతుంది. సూర్యోదయం 6:40 ప్రాంతంలో, గుట్ట కింద చెరువుల మంచు దాటి ఎండకి పదును వచ్చేసరికి ఏడు దాటుతుంది. అంటే పని జరిగేది 7:10 నుంచి 7:50 లోపలే.

సిల్వర్ రిఫ్లెక్టర్ పట్టుకుపోతే ఏ నెలలోనైనా తీయొచ్చు కదా అని అడిగేవాళ్ళున్నారు. ఈ పనికి కుదరదని నా నమ్మకం. రిఫ్లెక్టర్ వెలుగు ఒక చిన్న చోటునుంచి వస్తుంది, ఒక్కో పొర అంచుకీ పదునైన నీడ పడుతుంది, రాయిలో లేని గీతలు ఉన్నట్టు కనిపిస్తాయి. నేలబండ మొత్తం వెలుగిస్తే నీడలు మెత్తగా ఉంటాయి, గీతల లోతు ఎంతుందో అంతే తెలుస్తుంది. పిల్లలు చదవాల్సిన ఫొటోలో అబద్ధపు గీత ఉండకూడదు.

చలికాలం దాకా ఆగడం వల్ల తోరణం కింద కూర్చుని చూసే టైం దొరికింది. పైకప్పులో అడ్డపొరల మధ్యలో ఏటవాలుగా సాగే సన్నటి గీతల గుంపులున్నాయి, ఒక గుంపు కుడికి వాలితే దాని పైది ఎడమకి వాలి ఉంది. నీళ్ళో గాలో ఇసుకని తోసుకుపోయినప్పుడు పడిన గీతలవి, ప్రవాహం ఎటు పోయిందో చెబుతాయి. ఎడమ కాలు మొదట్లో అరచేయి ఆనిస్తే చల్లగా, గరుకుగా ఉంటుంది, చెయ్యి తీస్తే సన్నటి ఎర్ర రేణువులు అంటుకుని వస్తాయి. పైకప్పు నడిమిలో మాత్రం ఒక్క రేణువు కూడా రాలదు, అక్కడ రాయి బిగుసుకుని ఉంది. కిందపడ్డ మెత్తటి ఇసుకలో చీమల్ని పట్టే పురుగులు చేసుకున్న గరాటు గుంటలు వరసగా ఉన్నాయి, అంటే వాన జల్లు ఆ మూలకి ఎప్పుడూ రాదన్నమాట. మేడంకి ఫోన్లో ఆ గుంటలు చూపిస్తే ఎగిరి గంతేసినంత పని చేశారు, అవి ఫ్రేములో ఉండి తీరాలన్నారు. దాంతో ఆ మూలన అడుగు పెట్టకుండా ఉండడానికి మేమంతా పక్క బండల మీది నుంచి తిరిగాం. నేలబండ మీద పడ్డ ఎండుటాకులు మాత్రం చేత్తో ఏరి పక్కన పెట్టాం, ముదురు రంగు ఆకులు వెలుగుని మింగేస్తాయి.

భద్రత గురించి తక్కువ చేసి చెప్పలేను. అటవీ శాఖ వాళ్ళ పర్మిషన్ లేకుండా, ఊరివాళ్ళ తోడు లేకుండా ఇటు రావద్దు, ఎలుగుబంట్లు తిరిగే అడవి ఇది, చీకట్లోనే గుట్ట ఎక్కాలి. పక్క కొండ చరియ కింద పెద్ద తేనెతుట్టెలు వేలాడుతున్నాయి. కొండతేనె ఈగలు ఒకసారి లేచాయంటే గుట్ట దిగేదాకా వదలవు. సెంటు కొట్టుకుని రావద్దని అసిస్టెంట్‌కి ముందే చెప్పాను, డ్రోన్ ఊసే ఎత్తలేదు. తోరణం పైకి మాత్రం ఎవరినీ ఎక్కనివ్వలేదు. ఇది కోట్ల ఏళ్ళ నుంచి ఉంది, ఇప్పుడేమవుతుందిలే అనుకోవద్దు. ఆర్చెస్ పార్కులోనే ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ నుంచి 1991లో పెద్ద పలక ఊడిపడింది, 2008లో వాల్ ఆర్చ్ ఒక రాత్రి మొత్తం కూలిపోయింది. మాల్టాలో సముద్రం ఒడ్డున అజూర్ విండో 2017 మార్చి 8న తుఫాను గాలికి పోయింది.

ఇప్పుడు ప్రింట్ లెక్క. నా కెమెరా 24 మెగాపిక్సెల్, ఒక ఫొటో వెడల్పు 6,000 పిక్సెళ్ళు. ఆరడుగులంటే 72 అంగుళాలు, అంగుళానికి 83 పిక్సెళ్ళే వస్తాయి. ఫ్లెక్సీకి చాలు, కానీ పిల్లలు ముక్కు ఆనించి చూసే ప్రింట్‌కి చాలవు. అంగుళానికి 150 పెట్టుకుంటే 10,800 బై 7,200 కావాలి. అందుకని 35 ఎంఎం లెన్స్‌తో కెమెరాని నిలువుగా తిప్పి, నాలుగు నిలువు వరసలు, పైనొకటి కిందొకటి, మొత్తం ఎనిమిది ముక్కలుగా తీసి కలిపాను. ఒక్కో ముక్కకి పక్కదానితో 40 శాతం కలిసేలా.

దగ్గరి రాయిని ముక్కలుగా తీసేటప్పుడు అసలు గొడవ పారలాక్స్. కెమెరాని ట్రైపాడ్ స్క్రూ మీద తిప్పితే దగ్గరి కాలు వెనకున్న రాయి మీద అటూ ఇటూ జరుగుతుంది, సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ ఎలా కలపాలో తెలియక పొర గీతని మధ్యలో విరిచేస్తుంది. లెన్స్‌లోకి వెలుగు దూరే బిందువు మీదే తిరగాలి. దానికి పెద్ద సామాను అక్కర్లేదు, ఒక స్లైడింగ్ ప్లేట్ చాలు: మీటరు దూరంలో ఒక పుల్ల, దాని వెనకే దూరంగా ఒక చెట్టు మొద్దు ఒకే వరసలో పెట్టుకుని కెమెరాని తిప్పండి, పుల్ల మొద్దుని దాటి జరిగితే కెమెరాని ప్లేట్ మీద కొంచెం వెనక్కి లాగండి, జరగడం ఆగిన చోట గుర్తు పెట్టుకోండి. నేను దీన్ని ఇంటి డాబా మీదే చేసుకుని ప్లేట్ మీద గీత గీసుకుని పోయాను.

సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 100, లెన్స్ తెరుచుకునే కంత ఎఫ్/11. ఫోకస్ పాఠాల్లో చెప్పే హైపర్‌ఫోకల్ లెక్క ప్రకారం 35 ఎంఎం, ఎఫ్/11 దగ్గర 3.7 మీటర్లకి ఫోకస్ పెడితే అన్నీ షార్ప్ అంటారు, అది చిన్న ప్రింట్‌కి. ఇంత పెద్ద ప్రింట్‌కి ఆ లెక్కని రెట్టింపు చేసి చూసుకోవాలి. నేను 5 మీటర్ల దగ్గర, అంటే తోరణం నడిమి మీద పెట్టి లాక్ చేశాను, దాంతో 3 మీటర్ల నుంచి 15 మీటర్ల దాకా గట్టిగా వచ్చింది. దూరపు పొలాలు కొద్దిగా మెత్తబడ్డాయి, అక్కడ ఎలాగూ మంచే. బౌన్స్ వచ్చాక ఎండపడ్డ బండకీ పైకప్పుకీ తేడా నాలుగు స్టాపులకి దిగింది. అయినా ఒక్కో ముక్కకి మూడు ఎక్స్‌పోజర్లు తీశాను: సెకనులో 60వ వంతు, 15వ వంతు, 4వ వంతు. పోలరైజర్ (మెరుపులు తగ్గించి ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) వాడలేదు, ముక్క ముక్కకీ ఆకాశం నీలం మారిపోతుంది. మొత్తం సెట్ నాలుగైదు నిమిషాల్లో అయిపోవాలి, లేకపోతే నేలబండ మీది ఎండ అంచు జరిగి ముక్కలు కలవవు.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. ఎర్రటి రాయి ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని తప్పనుకుని బూడిద రంగుకి లాగుతుంది. డేలైట్‌లో పెట్టి, తర్వాత రంగు సరిచూసుకోవడానికి గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) ఒక ఫొటో తీసుకున్నా. ఇంకా ముఖ్యమైనది హిస్టోగ్రామ్, అంటే ఫొటోలోని చీకటిని ఎడమకి, వెలుగుని కుడికి చూపించే గ్రాఫ్. మామూలు తెల్ల హిస్టోగ్రామ్ హాయిగా మధ్యలో ఉన్నట్టే చూపిస్తుంది, కానీ ఇలాంటి రాయి మీద పొద్దుటి ఎండ పడితే రెడ్ ఛానెల్ ఒక్కటే ఎప్పుడో కుడి గోడని గుద్దేసి ఉంటుంది, అక్కడ పొరల గీతలు పోయి నారింజ రంగు ముద్ద మిగులుతుంది. మూడు రంగులు విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ ఆన్ చేసుకోండి, ఎరుపుని చూసి ఎక్స్‌పోజర్ నిర్ణయించండి.

కొలత కోసం కాకనే దూరపు కాలు పక్కన కట్టె పట్టుకుని నిలబడమన్నా. నవ్వుతూ కండువా సర్దుకుని నిలబడ్డాడు, సెకనులో 4వ వంతుకి కూడా కదల్లేదు.

ఎడిటింగ్‌లో చేసింది తక్కువే. మూడు ఎక్స్‌పోజర్లు కలిపి, ముక్కలు సిలిండ్రికల్ పద్ధతిలో అతికించి, పైకప్పు నీడలని కొంచెం లేపాను. శాచురేషన్ ముట్టుకోలేదు, ఇంటికి తెచ్చుకున్న గుప్పెడు రాలిన ఇసుకని స్క్రీన్ పక్కన పెట్టుకుని రంగు సరిచూసుకున్నా. ప్రింట్‌కి మాట్ పేపర్ తీసుకున్నాం, ఎందుకంటే వరండాలో ఎదురుగా ట్యూబులైట్లున్నాయి, గ్లాసీ అయితే పైకప్పు మీద తెల్ల గీతలు పడతాయి. మొదటి టెస్ట్ ప్రింట్‌లో నీడలు స్క్రీన్ మీద కన్నా నల్లగా వచ్చాయి, మాట్ పేపర్ తీరే అంత. మొత్తం ఒక అరస్టాపు పెంచి, పైకప్పు దగ్గరి రెండడుగుల ముక్క ఒక్కటే మళ్ళీ వేయించి వరండాలోనే గోడకి ఆనించి చూశాక ఫైనల్ ఇచ్చాం.

ప్రింట్ పెట్టిన వారంలోనే ఒక విద్యార్థిని ఎడమ కాలు దగ్గర పైకి పోతున్న సన్నటి పగులు చూపించి, ఇది కొత్తదా పాతదా అని అడిగిందట. ఒక్క ఫొటోతో దానికి జవాబు చెప్పలేం. అందుకని ఇప్పుడు పని రెండో భాగం మొదలైంది: ప్రతి డిసెంబర్‌లో అదే చోటునుంచి, అదే వెలుగులో, అదే ఫ్రేము తీయాలి. బండ మీద గుర్తు చెక్కడం, పెయింట్ పెట్టడం కుదరదు కాబట్టి ట్రైపాడ్ మూడు కాళ్ళూ ఎక్కడ ఆనాయో దగ్గరి నుంచి ఫొటోలు తీసి పెట్టుకున్నా. లెన్స్ ఎత్తు నేల నుంచి 52 సెంటీమీటర్లు, ఎడమ కాలు అంచుకి దూరం 3 మీటర్లు, కెమెరా చూసే దిక్కు 118 డిగ్రీలు. ఆ కొలతల కాగితం ఒకటి విభాగం బీరువాలో ఉంది, ఇంకొకటి నా కెమెరా బ్యాగులో. పగులు పక్కన టేపు పెట్టి తీసిన దగ్గరి ఫొటోని మేడం విడిగా చిన్న ప్రింట్ వేయించి ల్యాబులో పెట్టారు.